ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటు యాడ్లు ఎందుకు ఎక్కుతాయి, ఎక్కకుండా ఏం చేయాలి

తమ్ముడూ, నువ్వు అన్నా అని రాశావు కాబట్టి నేనూ చనువుగానే రాస్తున్నాను. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మీ నాన్నగారి జిరాక్స్ షాపు. ఉద్యోగాల దరఖాస్తులు నింపించుకునే పిల్లలే ఎక్కువగా వస్తారు. ఒక అమ్మాయి సంతకం ఫొటో సైజు తగ్గించాల్సి వచ్చి, గూగుల్‌లో వెతికి, అన్నిటికంటే పైన కనిపించిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించావు. పని అయిపోయింది. మర్నాటి నుంచి బ్రౌజర్ తెరిస్తే ఏదో కొత్త సెర్చ్ పేజీ, కుడి చేతి మూలలో ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి’ అంటూ యాడ్లు, నువ్వు ఎక్కించని డ్రైవర్ అప్‌డేటర్ ఒకటి డెస్క్‌టాప్ మీద. రిపేరు అతను ఫార్మాట్ కొట్టాలి, ఎనిమిది వందలు అన్నాడు. ఉచితంగా దొరికేవన్నీ ఇంతేనా, కొనే స్తోమత లేనివాళ్లం ఎక్కడి నుంచి తీసుకోవాలి అని అడిగావు.

ముందు ఒక పని చెయ్యి, మిగతాది తర్వాత చదువు. శుభ్రం చేసేదాకా ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయొద్దు, ఎవరి పాస్‌వర్డూ కొట్టొద్దు. మీది ఇంట్లో సినిమాలు చూసుకునే కంప్యూటర్ కాదు. ఎంతమంది ఆధార్ కాపీలు, మార్కుల మెమోలు, ఈమెయిల్ లాగిన్లు రోజూ దాని మీదుగా పోతున్నాయో ఒక్కసారి ఆలోచించు. గ్రూప్స్ కోసం ఏళ్ల తరబడి రూములో కూర్చుని చదువుతున్న పిల్లవాడి లాగిన్ ఇంకెవరి చేతిలోనో పడితే అతను ఏమైపోవాలి? నేనింత పొడుగ్గా రాస్తున్నది అందుకే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్ తెలుసు కదా, అక్కడ ఒక షాపులో హెల్పర్‌గా చేరి ఈ పనిలో ఇరవై రెండేళ్లు గడిపాను. ఇన్నేళ్లలో నా బల్ల మీదికి వచ్చిన యాడ్ల కేసుల్లో ఎక్కువ భాగం ఒకే రకం. సాఫ్ట్‌వేర్ మంచిదే. దాన్ని తయారుచేసినవాళ్ల దగ్గర కాకుండా మధ్యలో దళారి దగ్గర తీసుకున్నారు. మెహిదీపట్నం రైతుబజారులో రైతు దగ్గర కొన్న టమాటా వేరు, నాలుగు చేతులు మారి వచ్చిన టమాటా వేరు. ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా అంతే, ఎవరి చేతి మీదుగా వచ్చిందన్నదే అసలు సంగతి.

దళారికి ఇందులో ఏం లాభం అంటావా? ఎవరో ఒక టూల్‌బార్ (బ్రౌజర్ పైన అతుక్కునే బటన్ల పట్టీ) కంపెనీ, ఒక సెర్చ్ పేజీ కంపెనీ, ‘కంప్యూటర్ స్పీడ్ పెంచుతాం’ అనే కంపెనీ ఉంటాయి. తమ సరుకు ఎన్ని కంప్యూటర్లలో ఎక్కితే అంత అని లెక్కగట్టి డబ్బులిస్తాయి. జనం వెతికే మంచి సాఫ్ట్‌వేర్‌ను దళారి తన సొంత ఇన్‌స్టాలర్‌లో చుట్టి, పక్కన వాళ్ల సరుకు పెట్టి నీకిస్తాడు. నీ దగ్గర రూపాయి తీసుకోడు, నీ కంప్యూటర్‌లో చోటు వాళ్లకు అమ్ముకుంటాడు.

ఇది చిన్నాచితకా సైట్ల పనే అనుకోకు. ప్రపంచమంతా నమ్మిన డౌన్‌లోడ్ డాట్ కామ్ 2011లో ఎన్‌మ్యాప్ అనే పేరున్న ఉచిత టూల్‌ను ఇలాగే తన ఇన్‌స్టాలర్‌లో చుట్టి ఇస్తే, తయారుచేసినాయనే బహిరంగంగా గొడవ చేశాడు. ఉచిత సాఫ్ట్‌వేర్‌కు పుట్టిల్లు అనుకున్న సోర్స్‌ఫోర్జ్ కూడా 2013లో ఆ దారి పట్టింది. అది నచ్చక ఫొటోలు దిద్దే గింప్ వాళ్లు ఆ ఏడాదే అక్కడి నుంచి వెళ్లిపోయారు. 2016లో సోర్స్‌ఫోర్జ్‌ను కొన్న కొత్త యజమానులు ఆ కట్టలు కట్టే పద్ధతి ఆపేశారు. జావా అప్‌డేట్‌తో పాటు ఆస్క్ టూల్‌బార్ ముందే టిక్ పెట్టి వచ్చేది, అది ఆగింది 2015లో. ఆ రోజుల్లో మా షాపులో ఏ కంప్యూటర్ తెరిచినా బ్రౌజర్ పైన మూడు నాలుగు టూల్‌బార్లు పేర్చినట్టు ఉండేవి, అసలు పేజీ కిటికీ సందులోంచి చూసినట్టు కనిపించేది.

ఇప్పుడు టూల్‌బార్లు తగ్గాయి. వాటి స్థానంలో వచ్చింది ఇంకా ప్రమాదం. నువ్వు గూగుల్‌లో పైన కనిపించినదే నొక్కానన్నావు. అది చాలాసార్లు వెతుకులాటలో దొరికిన ఫలితం కాదు, డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. ‘స్పాన్సర్డ్’ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, హడావిడిలో కంటికి ఆనదు. వెతికినప్పుడు వచ్చే ప్రకటనల్లో అసలు కంపెనీల వేషం వేసిన మోసగాళ్లున్నారని 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. అప్పటి నుంచి 2023 మొదటి నెలల దాకా వీడియోలు చూసే వీఎల్‌సీ, ఫైళ్లు జిప్ చేసే 7-జిప్, స్క్రీన్ రికార్డు చేసే ఓబీఎస్ లాంటి మంచి ఉచిత సాఫ్ట్‌వేర్ల పేర్లతోనే నకిలీ ప్రకటనలు వరస కట్టాయి. వాటిలో వచ్చింది యాడ్లు కాదు, పాస్‌వర్డ్‌లు దోచే దొంగ ప్రోగ్రాములు. 2023 అక్టోబరులో పాస్‌వర్డులు దాచుకునే కీపాస్ పేరుతో వచ్చిన నకిలీ ప్రకటన అయితే చదువుకున్నవాళ్లను కూడా బోల్తా కొట్టించింది. సైటు అడ్రసులో మొదటి అక్షరం ‘కె’ కింద చిన్న తోక లాంటి గుర్తు. స్క్రీన్ మీద దుమ్ము అనుకుని తుడిచేంత చిన్నది. అంతే తేడా, అదే వేరే సైటు.

కాబట్టి నేను చెప్పే మొదటి అలవాటు, సాఫ్ట్‌వేర్ పేరు కొట్టి పైన వచ్చింది నొక్కడం మానెయ్యి. తయారుచేసినవాళ్ల ఇంటి అడ్రసు తెలుసుకుని నేరుగా అక్కడికే వెళ్లు. అడ్రసు తెలియకపోతే ఇంగ్లిష్ వికీపీడియాలో ఆ సాఫ్ట్‌వేర్ పేజీ తెరువు. కుడి పక్క పెట్టెలో వెబ్‌సైట్ అని ఉంటుంది, ఆ లంకె పట్టుకుని వెళ్లు. నీకు రోజూ పనికొచ్చేవి ఇప్పుడే చెప్తాను, ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకో. వీఎల్‌సీ కావాలంటే వీడియోలాన్ డాట్ ఆర్గ్. 7-జిప్‌కు 7 తర్వాత అడ్డగీత, తర్వాత జిప్, చివర డాట్ ఆర్గ్. అడ్డగీత లేనిదీ డాట్ కామ్ అని ఉన్నదీ వాళ్ల ఇల్లు కాదు. ఉత్తరాలు టైపు చేసే లిబ్రేఆఫీస్‌కు లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్, గింప్‌కు గింప్ డాట్ ఆర్గ్. ఒకసారి వెళ్లాక బుక్‌మార్క్ పెట్టుకుంటే మళ్లీ వెతుకులాట ఉండదు.

ఇంకో మాట. అసలు సైటు చాలాసార్లు పాతకాలం పేజీలా, రంగులూ హంగులూ లేకుండా ఉంటుంది. 7-జిప్ పేజీ చూడు, ఒక పట్టిక, నాలుగు లంకెలు, అంతే. నకిలీది తళతళలాడుతుంది. సైటు అందం చూసి నమ్మకు, అడ్రసు చూసి నమ్ము.

వీఎల్‌సీ విషయంలో మన దేశంలో ఒక ఇబ్బంది నడిచింది, అది చెప్పకుండా ఉండలేను. 2022లో చాలా నెలలు వీడియోలాన్ సైటు ఇక్కడ చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో తెరుచుకోలేదు. ప్రభుత్వం ఆదేశంతో ఆపారు. ఆ సంస్థ న్యాయపరంగా అడిగాక నవంబరులో మళ్లీ తెరుచుకుంది. మధ్యలో ఏమైంది? వీఎల్‌సీ వాడే జనం వీఎల్‌సీ మానలేదు. అసలు తలుపు మూసి ఉంటే పక్క సందులోంచి వెళ్లారు. ఆ నెలల్లో నా దగ్గరికి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ‘వీఎల్‌సీ ఎక్కించాక ఇలా అయింది’ అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. పాపం వీడియోలాన్ వాళ్లు 2011 నుంచే మొత్తుకుంటున్నారు, మా సాఫ్ట్‌వేర్‌లో చెత్త చుట్టి పంచేవాళ్లున్నారు, మా సైటులోనే తీసుకోండి అని. అసలు సైటు ఎప్పుడైనా తెరుచుకోకపోతే విండోస్‌లోనే ఉండే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో చూడు. లేదంటే రెండు రోజులు ఆగు. వీడియో చూడటం రెండు రోజులు ఆగితే ఏమీ పోదు.

సైటు సరైనదే అయినా పేజీలో పచ్చరంగు డౌన్‌లోడ్ బటన్లు నాలుగైదు కనిపిస్తే ఆగు. ఉచితంగా ఫైళ్లు ఇచ్చే సైట్లు ప్రకటనల మీద బతుకుతాయి, ఆ ప్రకటనలు డౌన్‌లోడ్ బటన్ వేషంలో వస్తాయి. నొక్కే ముందు మౌస్‌ను బటన్ మీద ఊరికే ఉంచు. బ్రౌజర్ కింద ఎడమ మూలలో ఆ లంకె ఎక్కడికి పోతుందో కనిపిస్తుంది. నువ్వున్న సైటు పేరు కాకుండా ఇంకేదో పేరు ఉంటే అది ప్రకటన కావచ్చు, ఆగి చూసుకో.

ఫైలు దిగాక వెంటనే రెండుసార్లు నొక్కకు. సైజు చూడు. వీఎల్‌సీ నలభై ఎంబీ పైన ఉంటుంది, లిబ్రేఆఫీస్ మూడు వందల ఎంబీ దాటుతుంది. వాటి పేరుతో ఒకటిన్నర ఎంబీ ఫైలు దిగిందంటే అది దళారి ఇన్‌స్టాలర్. అది నడిచాకే అసలుదీ కొసరుదీ దించుతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అసలు సైట్ల నుంచి కూడా చిన్న ఫైలే వస్తుంది, వాటికి ఈ లెక్క వర్తించదు. తర్వాత ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ‘డిజిటల్ సిగ్నేచర్స్’ అనే ట్యాబ్ ఉందేమో చూడు. ఉంటే సంతకం ఎవరిదో పేరు ఉంటుంది. లిబ్రేఆఫీస్ అయితే డాక్యుమెంట్ ఫౌండేషన్ అని ఉండాలి, ఊరూ పేరూ తెలియని కంపెనీ పేరు ఉంటే చెరిపెయ్యి. ఇన్‌స్టాల్ మొదలుపెట్టగానే విండోస్ అనుమతి అడుగుతుంది కదా, ఆ పెట్టె నీలంగా ఉంటే సంతకం ఉన్నట్టు, పసుపుగా ఉండి ‘అన్‌నోన్ పబ్లిషర్’ అంటే లేనట్టు. సంతకం లేకపోవడం ఒక్కటే తప్పు కాదు. ఒకరిద్దరు కలిసి చేసే మంచి ప్రాజెక్టుల్లో ఆ సంతకానికి కావాల్సిన సర్టిఫికెట్‌కు డబ్బు పెట్టలేనివి ఉన్నాయి. పసుపు కనిపిస్తే మాత్రం ఎక్కడి నుంచి దించావో ఇంకోసారి చూసుకో.

అనుమానం తీరకపోతే వైరస్‌టోటల్ సైటులో ఆ ఫైలు వెయ్యి. 2012 నుంచి అది గూగుల్ చేతిలో ఉంది, డెబ్బై దాకా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షిస్తుంది. ఒకటీ రెండూ ఎర్రగా చూపిస్తే పొరపాటు కావచ్చు, పది పదిహేను చూపిస్తే వదిలెయ్యి. ఇన్‌స్టాలర్లు మాత్రమే అందులో వెయ్యి. వేసినవి అక్కడ ఇంకొందరు కూడా చూడగలుగుతారు, కస్టమర్ల ఆధార్ పీడీఎఫ్‌లు ఎప్పుడూ వేయకు.

ఇక అసలు నువ్వు దెబ్బతిన్న చోటు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు. నువ్వేం చేసి ఉంటావో నాకు తెలుసు, అందరూ అదే చేస్తారు. వారాసిగూడ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ల్యాప్‌టాప్ తెచ్చినప్పుడు, ఆయన దించుకున్న ఫైలునే నా పాత టెస్టింగ్ కంప్యూటర్‌లో మళ్లీ ఎక్కించమన్నాను, ఎలా చేశారో చూద్దామని. ఆయన చెయ్యి మౌస్ మీద, చూపు మాత్రం నా వైపు, మాట్లాడుతూనే ఉన్నారు. నెక్స్ట్, నెక్స్ట్, అగ్రీ, నెక్స్ట్. నాలుగో దగ్గర చెయ్యి పట్టుకుని ఆపాను. ‘మాస్టారూ, ఇప్పుడు మీరు దేనికి ఒప్పుకున్నారో చదవండి’ అన్నాను. కళ్లద్దాలు సర్దుకుని చదివారు. మొదటి అగ్రీ ఆయనకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ ఒప్పందం. రెండో పేజీ అచ్చం దానిలాగే ఉంది, అదే తెల్ల పెట్టె, అవే చిన్న అక్షరాలు, కింద అవే రెండు బటన్లు. కానీ అది వేరే కంపెనీ ఒప్పందం, మీ బ్రౌజర్ సెర్చ్ మారుస్తాం అని. ‘యాక్సెప్ట్’ నీలంగా మెరుస్తోంది, ‘డిక్లైన్’ బూడిదరంగులో పనిచేయని బటన్‌లా ఉంది. అది పనిచేస్తుంది. ఆ రంగు కావాలనే వేస్తారు. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. నలభై ఏళ్లు పిల్లలకు ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయమని చెప్పినవాణ్ని అన్నారు మెల్లగా.

ఆ రెండో పేజీని కనిపెట్టే గుర్తు ఒకటుంది. నువ్వు ఎక్కిస్తున్న సాఫ్ట్‌వేర్ పేరు కాకుండా ఇంకో పేరు స్క్రీన్ మీద కనిపించిందంటే అది కొసరు సరుకే. అక్కడ డిక్లైన్ లేదా స్కిప్ నొక్కు. ‘ఎక్స్‌ప్రెస్, రికమెండెడ్’ అని ఒకటీ ‘కస్టమ్’ లేదా ‘అడ్వాన్స్‌డ్’ అని ఒకటీ అడిగితే ఎప్పుడూ రెండోదే తీసుకో. పేరు చూసి భయపడకు, టిక్కులన్నీ బయటికి కనిపించేది అక్కడే. టిక్ పక్కన వాక్యం కూడా పూర్తిగా చదువు, కొందరు ‘నాకు వద్దు అనుకోవడం లేదు’ అన్నట్టు మెలికలు తిప్పి రాస్తారు. వద్దనే దారే కనిపించకపోతే క్యాన్సిల్ కొట్టి ఫైలు చెరిపెయ్యి.

ఆ మాస్టారు వెతికింది తెలుగు టైపింగ్ కోసం. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ ఆఫ్‌లైన్ వెర్షన్‌ను గూగుల్ ఎప్పుడో ఆపేసింది, ఆ పేరుతో పాత ఇన్‌స్టాలర్లు మాత్రం ఎవరెవరి సైట్లలోనో తిరుగుతున్నాయి. మీ షాపులోనూ ఇది అవసరమే. ఏమీ దించనక్కర్లేదు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచీ, విండోస్ 11లోనూ తెలుగు ఫొనెటిక్ కీబోర్డు లోపలే ఉంది. సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు చేర్చి, కీబోర్డుల్లో ఫొనెటిక్ ఎంచుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది. ఫాంట్లు కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన లాంటివి ఉచితంగా ఉన్నాయి, షాపు పనికీ వాడుకోవచ్చు. ఫాంటు అంటే డాట్ టీటీఎఫ్ లేదా ఓటీఎఫ్ ఫైలు. ఫాంటు అని చెప్పి డాట్ ఈఎక్స్ఈ, అంటే ప్రోగ్రాము ఫైలు, చేతిలో పెడితే తెరవొద్దు.

నీ సంతకం ఫొటో పని సంగతి కూడా ఇంతే, దానికి సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. విండోస్ 11 ఫొటోస్ యాప్‌లో ఫొటో తెరిచి మూడు చుక్కల మెనూలో ‘రీసైజ్ ఇమేజ్’ నొక్కితే కొలతలు, క్వాలిటీ మార్చుకోవచ్చు, ఎన్ని కేబీ అవుతుందో అక్కడే చూపిస్తుంది. పెయింట్‌లో కూడా రీసైజ్ చేసి జేపెగ్‌గా సేవ్ చేస్తే తగ్గుతుంది. రోజుకు పదుల ఫొటోలు చేయాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్లదే పవర్‌టాయ్స్ అనే ఉచిత కట్ట స్టోర్‌లో ఉంది, అందులో ఇమేజ్ రీసైజర్‌తో రైట్ క్లిక్ మీద పని అయిపోతుంది. పీడీఎఫ్ చేయడానికి ప్రింట్ కొట్టి ప్రింటర్ల జాబితాలో ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ ఎంచుకో. ఉత్తరాలు, బయోడేటాలకు లిబ్రేఆఫీస్. ఆన్‌లైన్‌లో ఫొటో వేస్తే తగ్గించి ఇచ్చే సైట్లు కూడా చాలామంది వాడతారు. నా వరకు, ఎవరి ఆధారో, సంతకమో పేరు తెలియని సైటుకి పంపే హక్కు మనకు లేదనే అనుకుంటాను. కంప్యూటర్ లోపలే అయ్యే పనికి బయటి గుమ్మం తొక్కడమెందుకు?

షాపు కాబట్టి ఇంకోటి కూడా చూసుకోవాలి. ఉచితం అన్నది ఇంటికి ఉచితమా, వ్యాపారానికి కూడా ఉచితమా? ఫొటోలు చూసే ఇర్ఫాన్‌వ్యూ మంచి సాఫ్ట్‌వేర్, నేనూ ఇంట్లో వాడతాను, కానీ వ్యాపారానికి లైసెన్సు కొనాలి. ఒకేసారి చాలా సాఫ్ట్‌వేర్లను కొసరు సరుకు లేకుండా ఎక్కించే నినైట్ అనే సైటు ఉంది, 2009 నుంచీ ఉంది, చాలా నమ్మకం, అదీ సొంత వాడకానికే ఉచితం. వీఎల్‌సీ, 7-జిప్, లిబ్రేఆఫీస్, గింప్ షాపులో కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు. ప్రింటర్ డ్రైవరు ఎప్పుడూ ప్రింటర్ కంపెనీ సపోర్ట్ పేజీలోనే తీసుకో, మోడల్ నంబరు కొట్టి. డ్రైవర్ అప్‌డేటర్ అనే రకం సాఫ్ట్‌వేర్ నీకు జన్మలో అవసరం పడదు, విండోస్ అప్‌డేటే ఆ పని చేస్తుంది.

క్రాక్ సాఫ్ట్‌వేర్ గురించి నువ్వు అడగలేదు. డీటీపీ, జిరాక్స్ షాపుల్లో ఏం నడుస్తుందో నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను. డబ్బు పెట్టి కొనాల్సిన డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తామనే సైటు జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్ పక్కనే రాసి ఉంచుతుంది. అందరికీ చూపించే పాస్‌వర్డ్ ఎందుకు పెట్టారో తెలుసా? పాస్‌వర్డ్ ఉంటే యాంటీవైరస్ లోపల ఏముందో చూడలేకపోతుంది. తర్వాత ‘ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపండి’ అంటారు. ఇంటికి వచ్చిన మనిషి ముందు కుక్కను కట్టేయండి, లైట్లు తీసేయండి అంటే లోపలికి రానిస్తామా? ఇలా వచ్చే దొంగ ప్రోగ్రాముల్లో లుమ్మా అనేది ఒకటి. 2025 మార్చి 16 నుంచి మే 16 దాకా రెండు నెలల్లోనే 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో దాన్ని గుర్తించామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు, లాగిన్ అయి ఉన్న గుర్తులు నిమిషాల్లో పట్టుకుపోతుంది. యాడ్లు ఏమీ కనిపించవు, కంప్యూటర్ మామూలుగానే నడుస్తుంది. నాకు భయం అదే. ‘మీరు మనిషేనని నిరూపించుకోండి, విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి పేస్ట్ చేసి ఎంటర్ కొట్టండి’ అనే పేజీలు కూడా 2024 నుంచి బాగా తిరుగుతున్నాయి. ఏ నిజమైన సైటూ అలా అడగదు. అలాంటిది ఎప్పుడైనా చేసి ఉంటే దాచుకోకు, చెప్పు.

ఇప్పుడు విండోస్‌లో రెండు సెట్టింగులు. విండోస్ సెక్యూరిటీ తెరిచి ‘యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్’లో ‘రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్’లోకి వెళ్లు. ‘పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్’ ఆన్ చేసి, కింద యాప్స్, డౌన్‌లోడ్స్ రెండిటికీ టిక్ పెట్టు. ఇలాంటి కొసరు సరుకును ఆపడానికే అది ఉంది. రెండోది, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టు. బయోడేటా డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ అని ఉన్న ఫైలు మామూలుగా బయోడేటా డాట్ పీడీఎఫ్ అనే కనిపిస్తుంది. రోజూ ఎవరెవరివో పెన్‌డ్రైవులు తగిలించే షాపుకి ఇది చాలా అవసరం. మీ నాన్నగారు కూర్చునే అకౌంటును అడ్మిన్ కాకుండా మామూలు అకౌంటుగా మార్చు. అప్పుడు ఏది ఎక్కించాలన్నా నీ పాస్‌వర్డ్ అడుగుతుంది.

శుభ్రం చేయడం ఇలా. ఫైళ్లు ముందు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ తీసుకో. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితా తెరిచి తేదీ వారీగా పేర్చు. నువ్వు ఆ ఫొటో సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజు తేదీతో ఏవేవి ఉన్నాయో చూడు, అన్నీ ఒకే గుత్తిగా కనిపిస్తాయి, ఒక్కొక్కటే తీసెయ్యి. తీసేటప్పుడు ‘నిజంగా వెళ్లిపోతారా, తగ్గింపు ఇస్తాం’ అంటూ బతిమాలుతాయి, అక్కడా బటన్లు చదివి నొక్కు. తర్వాత బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అతికించే చిన్న ప్రోగ్రాములు, చూసి నువ్వు పెట్టనివి తీసెయ్యి, సెర్చ్ ఇంజిన్, మొదటి పేజీ సరిచెయ్యి.

కుడి మూలలో వైరస్ యాడ్లు అన్నావే, అవి వైరస్ కాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఏదో సైటు ‘అలౌ నొక్కండి’ అంటే ఎవరో నొక్కి ఉంటారు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ పర్మిషన్లలో నోటిఫికేషన్స్ తెరిస్తే అనుమతి ఉన్న సైట్ల పేర్లు ఉంటాయి. తెలియనివన్నీ తీసేస్తే యాడ్లు అక్కడికక్కడ ఆగిపోతాయి. దీనికోసం ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లను ఎంతమందిని చూశానో, మనసు కలుక్కుమంటుంది.

ఆ తర్వాత మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల సైటు నుంచి యాడ్‌డబ్ల్యూక్లీనర్ దించు. ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, సరిగ్గా ఈ రకం చెత్త కోసమే చేసినది. అది అయ్యాక విండోస్ సెక్యూరిటీలో ‘ఆఫ్‌లైన్ స్కాన్’ పెట్టు, కంప్యూటర్ రీస్టార్ట్ అయి విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. మన కేంద్ర ప్రభుత్వం 2017లో పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటులో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి.

ఇన్ని చేశాక రెండు రోజులు చూడు. సెర్చ్ పేజీ మళ్లీ మళ్లీ మారిపోతుంటే, లేదా విండోస్ సెక్యూరిటీని ఆన్ చేయనివ్వకపోతే, లేదా స్కాన్‌లో ‘స్టీలర్’, ‘ట్రోజన్’ అనే పేర్లు కనిపిస్తే అప్పుడు ఫార్మాట్ సరైనదే, ఆ ఎనిమిది వందలు పెట్టు. అలాంటప్పుడు పాస్‌వర్డులన్నీ నీ ఫోన్ నుంచి మార్చు, ఆ కంప్యూటర్ నుంచి కాదు. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. అన్ని చోట్లా లాగౌట్ చేసే ఆప్షన్ కూడా వాడు, లేకపోతే పాస్‌వర్డ్ మారినా పాత లాగిన్ నడుస్తూనే ఉండొచ్చు. అకౌంటులో ఒక్క రూపాయి కదిలినా వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. డబ్బు ఇంకో అకౌంటుకు జారిపోయేలోపు ఎంత తొందరగా చెప్తే అంత ఆపగలుగుతారు. ఆ రోజుల్లో మీ షాపులో లాగిన్ అయిన పిల్లల్లో గుర్తున్నవాళ్లకు కూడా చెప్పు, పాస్‌వర్డ్ మార్చుకోమని. చెప్పడానికి ఇబ్బందిగానే ఉంటుంది, అయినా చెప్పు.

ఈ రాత్రి షాపు మూశాక యాప్‌ల జాబితా దాకా చేసి చూడు. తీయాలో వద్దో తెలియని పేర్లు ఉంటే ఏవీ ముట్టుకోకుండా ఆ జాబితా ఫొటో తీసి ఇక్కడే పెట్టు. అందులో కస్టమర్ల ఫైళ్ల పేర్లు కనిపించకుండా చూసుకో. రేపు ఉదయం పది లోపు చూసి ఏది ఉంచాలో ఏది తీయాలో ఒక్కొక్కటిగా రాస్తాను.